ఫోన్లో పలకరింపుకు పోయినప్పుడు

వృత్తి అనుభవాలు రాసేవాళ్ళు మామూలుగా తల నెరిసినవాళ్ళు. నాకింకా ముప్పై నిండలేదు. నేను రిటైర్ కాలేదు, నా ఉద్యోగమే రిటైరయింది. కరోనా రోజుల్లో చిక్కబళ్ళాపురంలో జిల్లా తరఫున నడిచిన ఒక ఫోన్ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. రోగం తగ్గింది, కాంట్రాక్టు ముగిసింది. మేము కూర్చున్న గదిలో ఇప్పుడు వేరే శాఖవాళ్ళ బీరువాలున్నాయి.

ఇప్పుడు అలాంటి పనికే మళ్ళీ కొత్తవాళ్ళను తీసుకుంటున్నారు. శిక్షణకు వచ్చిన పిల్లలతో రెండు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నలుగురి ముందు నిలబడి మాట్లాడడం నాకు చేతకాదు, రాసిస్తానన్నాను. రోజూ ఏదో ఒకటి రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇది అంత కష్టం కాదు.

పుస్తకాల్లో ఉన్నవి మీకు ఎలాగూ చెబుతారు. ఆ పుస్తకాలు నాకూ ఇష్టమే. వాటిలో లేనివి మాత్రం రాస్తాను.

మాట్లాడడం రానివాళ్ళ ఉద్యోగం

బాగేపల్లి బస్టాండు దగ్గర మాది బెల్లం కొట్టు. చిన్నప్పుడు సెలవుల్లో నాన్న నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టేవాడు. ఎవరైనా ధర అడిగితే నేను తూకం వేసి చూపించేదాన్ని తప్ప నోరు విప్పేదాన్ని కాదు. "దీన్ని కూచోబెడితే ధర తగ్గియ్యమని అడిగేకి కూడా జనం భయపడతారు, మంచిదే" అని నాన్న నవ్వేవాడు. బస్తాల వెనక చేరి కథల పుస్తకం చదువుకునే పిల్ల ఫోన్లో మనుషులను ఓదార్చే ఉద్యోగానికి ఎలా పనికొస్తుందని ఇంట్లో అందరికీ అనుమానమే.

ఫోన్లో ఎదుటివాళ్ళ ముఖం కనిపించదు, నా ముఖం వాళ్ళకు కనిపించదు. నాకు అదే కలిసొచ్చింది. మాటలు ఎక్కువ రావు కాబట్టి ఎదుటివాళ్ళు చెప్పేదాకా ఆగేదాన్ని. ఈ ఉద్యోగంలో చాలామంది చెడేది ఆగలేకనే. మీలో బిడియస్తులుంటే దిగులు పడకండి.

మాకు ఇచ్చిన ప్రశ్నల కాగితం సర్కారు భాష అయిన కన్నడంలో ఉండేది. నమస్కారం, శాఖ పేరు, ఆమీద "మీ మానసిక ఆరోగ్యం ఎలా ఉంది" అన్న ప్రశ్న. మొదటి వారంలో వచ్చిన జవాబులు ఇప్పటికీ గుర్తున్నాయి. "మా ఇంట్లో పిచ్చోళ్ళు ఎవురూ లేరమ్మా, రాంగ్ నెంబరు" అని ఒకావిడ పెట్టేసింది. చింతామణి దగ్గర టమాటా రైతు ఒకాయన మాత్రం ఓపికగా విని, "నా మనసుకేమమ్మా, బాగుండాది. టమాటాకే బాగలేదు. దానికేమన్నా కౌన్సెలింగ్ ఉండాదా?" అన్నాడు.

మనకు కన్నడం పరాయి కాదు. బడిలో అదే, బస్సులో అదే, రేషన్ కార్డు పనికి పోతే అదే. అందుకే కన్నడంలో అడిగితే జనం ఆఫీసుకు జవాబిచ్చినట్టు ఇస్తారు, అన్నీ సరిగ్గా ఉన్నాయంటారు. నమస్కారం కన్నడంలో చెప్పి, ఆ తర్వాత "అమ్మా, తింటిరా?" అని తెలుగులో అడిగితే గొంతే మారిపోయేది. "ఏం తినేదిలే పాపా" అన్న చోట అసలు మాట మొదలయ్యేది. అలాగని అందరినీ తెలుగులోకి లాగకూడదు. కన్నడమే ఇంటి భాషగా ఉన్నవాళ్ళూ పక్కపక్కనే ఉంటారు. ఫోన్ వెనకనుంచి పిల్లలను ఏ భాషలో తిడుతున్నారో వినండి. ఆ ఇంటితో ఆ భాషలోనే మాట్లాడండి.

కిటికీకి పెండ్లి

మురుగమల్ల దర్గా వీధిలో పూలు అమ్మే బాషా అన్న గురించి ముందు చెప్పాలి. దర్గా మూతపడింది, పూలు కొనేవాళ్ళు లేరు. రోగం తగిలి మేడమీది గదిలో ఒంటరిగా ఉండేవాడు. నేను ఫోన్ చేస్తే తనే మొదలుపెట్టేవాడు.

"ఏం చెల్లీ, ఈ పొద్దు నా మనసు ఎట్లుండాదో అడగవా?"

"ఎట్లుండాదన్నా?"

"నిన్న ఉండిన చోటే ఉండాది. గది దాటి పోయేకి దానికీ పర్మిషన్ లేదంట."

నేను నవ్వి, బాగున్నాడని రాసుకుని వేరే నెంబరు తీసేదాన్ని. ఒకరోజు ఆయన ఏ తమాషా చేయలేదు. చిక్కబళ్ళాపురం మార్కెట్లో చామంతి ఏ ధర పలుకుతోందని అడిగాడు. మార్కెట్టే లేదన్నా అన్నాను. "చేతులు ఊరికే ఉండాయి చెల్లీ. ఏం చేసుకునేది ఈ చేతుల్ని" అన్నాడు.

అన్నాళ్ళూ నేను ఆయన మాటలు విన్నాను గానీ, రోజంతా ఆ గదిలో ఏం చేస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. ఆయన భార్యతో మాట్లాడాను. ఆమె పెరట్లో పూసిన పూలను, దారపు ఉండను మెట్లమీద పెట్టి రావడం మొదలుపెట్టింది. కొనేవాళ్ళు లేకపోయినా ఆయన పొద్దంతా మాలలు కట్టాడు. కట్టినవన్నీ గది కిటికీకే వేలాడదీశాడు.

"ఈ పొద్దు కిటికీకి పెండ్లి చేసినా చెల్లీ. నువ్వు రాలేదని అది అలిగింది."

నవ్వించేవాళ్ళు బాగున్నారని రాసుకోకండి. వాళ్ళు పొద్దు ఎలా గడుపుతున్నారో అడగండి.

సుమిత్రా మేడం

మా పై అధికారి సుమిత్రా మేడం. మైసూరు వైపు మనిషి, మనస్తత్వ శాస్త్రం చదివి చాలా ఏళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసినావిడ. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా మా వెనక నిలబడి కాల్స్ వినేది. మాట అర్థం కాకపోయినా ఎవరు ఎప్పుడు తొందరపడ్డారో చెప్పగలిగేది.

ఆమె నియమాలు కొన్ని ఉండేవి. పావుగంట దాటకూడదు. అబద్ధపు ధైర్యం చెప్పకూడదు. ఫోన్ పెట్టేముందు ప్రతి ఒక్కరికీ "మళ్ళీ ఫోన్ చేస్తాం" అని చెప్పి తీరాలి. ఎవరూ తమను వదిలేశారని అనుకోకూడదు కదా, అందుకు.

వాటిలో చాలావరకు సరైనవే. ఆమెలో నాకు నచ్చనిది ఒక్కటే, ఒక ఊళ్ళో పనికొచ్చింది అన్ని ఊళ్ళలోనూ పనికొస్తుందని నమ్మేది. నచ్చింది ఏమిటంటే, అలా కాదని రుజువైతే ఆ పూటే ఒప్పుకునేది. పై అధికారుల్లో ఈ గుణం నేను మళ్ళీ చూడలేదు.

రత్నమ్మ ఇల్లు

రెండో వేవ్ తగ్గుముఖం పట్టిన రోజుల్లో బట్లహళ్ళి పక్క ఊరినుంచి గాయత్రి అనే అమ్మాయి ఫోన్ చేసింది. చిన్న విషయంలాగే అడిగింది.

"అక్కా, మా అత్తకు మాత్రలు మింగమని మీరు చెప్తారా? మేము చెప్తే ఇంటల్లేదు."

అత్త పేరు రత్నమ్మ. చాలా ఏళ్ళుగా షుగరు. ఆమె భర్త నారాయణప్ప పెద్దాసుపత్రిలో కరోనాతో పోయి కొన్ని వారాలయింది. వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. రోజూ భోజనం ముందు నారాయణప్ప పురుగులింట్లోనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాత్ర చించి భార్య అరచేతిలో పెట్టేవాడట. ఇప్పుడు మాత్ర ఇస్తే ఆమె పక్కన పెట్టేస్తుంది. "ఆయప్పే ఇస్తాడు, రానీ" అంటుంది. అన్నం సరిగ్గా తినదు. చూపు మసకబారింది, కాలి మీద పుండు మానడం లేదు. ఊళ్ళోని ఆశా కార్యకర్త షుగరు చూసి భయపడింది. ఇలాగే సాగితే మనిషి దక్కదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు.

"మీ మామ పోయిన సంగతి ఆమెకు తెలుసా?" అన్నాను.

"చెప్పినాము. చెప్తే మమ్మల్నే జాలిగా చూస్తాది అక్కా."

గాయత్రి ఫోన్ తీసుకెళ్ళి అత్తకు ఇచ్చింది. రత్నమ్మ గొంతు మెత్తగా, నిదానంగా ఉంది.

"ఎవురు తల్లీ? ఆసుపత్రి నుంచా?"

"కాదమ్మా. చిక్కబళ్ళాపురం నుంచి. మీరెట్లుండారో కనుక్కుందామని."

"నాకేమి, బాగుండా. మా ఇంటాయనకు ఒక మాట చేరేస్తావా? పురుగులు గూడు కట్టినాయని చెప్పు. నాలుగో జ్వరం లేచి బాగా మేస్తాండే పురుగుల్ని వదిలి పోయినాడు, దిగులు పడతాంటాడు."

పురుగులు కుబుసం విడవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగోది అయిపోయాక అవి రాత్రీ పగలూ మేస్తాయి. మల్బరీ ఆకు కోయడానికి ఇంటిల్లిపాదీ చాలరు. అలాంటి సమయంలో ఆయన అంబులెన్సు ఎక్కాడు.

నేను మెల్లగా అడిగాను. "అమ్మా, మీ కొడుకు మంజు ఏమీ చెప్పలేదా?"

"చెప్పినాడు. వానికి ఎవురో చెప్పినారంట. వాడు దూరం నుంచి చూసిండేది ఒక మూటని. మొగం చూసినాడా? లేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "నువ్వే చెప్పు తల్లీ. మనిషి పోయింటే ఎవురన్నా మాట్లాడిచ్చేకి రారా? మా ఆయప్ప పోతే నాలుగూర్లు కదిలొస్తాయి. బాగేపల్లి నుంచి మా ఆడబిడ్డ రొమ్ము బాదుకుంటా రాదా? ఎవురూ రాలేదు. ఎదురింటి ఆమె కూడా గడప తొక్కలేదు. నా గాజులు నా చేతికే ఉండాయి. మరి పోయినాడని ఎట్ల నమ్మేది?"

మాట్లాడించేకి పోవడం అంటే ఇక్కడ మరణం జరిగిన ఇంటికి పలకరింపుకు పోవడం. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఇంటావిడను పట్టుకుని ఏడుస్తుంది. ఇంటావిడ ప్రతి ఒక్కరికీ జరిగింది మొదటినుంచి చెబుతుంది. పొద్దున లేచి ఏం తిన్నాడు, ఏమన్నాడు, ఎక్కడ కూలబడ్డాడు, అన్నీ. ఎంతమంది వస్తే అన్నిసార్లు. చెప్పి చెప్పి చివరికి తన చెవులకే ఆ మాట అలవాటవుతుంది. ఆ రోజుల్లో రాకపోకలు లేవు. రత్నమ్మకూ రోగం తగిలి లోపలి గదిలో ఉంది. ఆ ఇంటికి ఎవరూ రాలేదన్నది నిజమే. గాజులు తీసే తంతు జరగనందుకు నాకేమీ విచారం లేదు. కానీ ఆమె లెక్క ఆమెకుంది. ఎవరూ రాలేదంటే చావు జరగలేదని.

పావుగంట అయిపోయింది. "సరేనమ్మా, మళ్ళీ ఫోన్ చేస్తాను" అని పెట్టేశాను.

మరుసటి రోజు గాయత్రి గొంతు నీరసంగా ఉంది.

"నిన్న మీరు ఫోన్ పెట్టినాక మా అత్త మొగం వెలిగిపోయింది అక్కా. ఏమనిందో తెల్సా? 'ఇంటివా, ఆ పాప మళ్ళీ చేస్తా అనింది. సావింట్లో ఎవురన్నా మళ్ళీ వస్తామంటారా? దానికీ తెల్సు మీ మామ బాగుండాడని.' మాత్ర ఇస్తే తీసి గోడగూట్లో పెట్టింది."

పలకరింపుకు పోయినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు పోయొస్తామని చెప్పరు. లేచి మౌనంగా బయటికి వచ్చేస్తారు. అలాంటి ఇంటికి మళ్ళీ వస్తామనడం ఇంకో చావును పిలిచినట్టు. చిన్నప్పుడు ఒకసారి నోరుజారి అన్నందుకు మా అమ్మ నా తొడ గిల్లింది. అంత బాగా తెలిసినదాన్ని, కాగితంలో ఉందని ఆ మాట అనేశాను.

మేడంకు చెప్పాను. ఆమె టేబుల్ మీద ఉన్న ప్రశ్నల కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదివింది.

"ఆ చివరి వాక్యం రాసింది నేనే" అంది కన్నడంలో. "మా వైపు ఎవరూ అలా అనుకోరని చెప్పలేను. నేనే ఆలోచించలేదు. మరణం జరిగిన ఇళ్ళకు ఆ వాక్యం తీసేద్దాం."

"ఇప్పుడు రత్నమ్మను ఏం చేద్దాం మేడం?"

"మరణ ధ్రువపత్రం వచ్చింది కదా, చూపించమను. నిజాన్ని నెమ్మదిగా, మళ్ళీ మళ్ళీ చెప్పాలి."

"ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మదు మేడం. ఆమె కాగితం కోసం ఎదురు చూడడం లేదు, మనుషుల కోసం చూస్తోంది."

అంత పెద్ద వాక్యం మేడంతో నేను అప్పటిదాకా అనలేదు. ఆమె తలెత్తి చూసింది. "అయితే ఎవరు రావాలి?" అని అడిగింది.

ఆడబిడ్డ

వాళ్ళ ఇంట్లో మొదట రావాల్సింది ఆడబిడ్డ అని గాయత్రి చెప్పింది. నారాయణప్ప అక్క లక్ష్మీదేవమ్మ బాగేపల్లిలో ఉంటుంది. నెంబరు తీసుకుని చేశాను.

"ఎవురు నువ్వు? ఎవురి బిడ్డవి?"

చెప్పాను.

"బస్టాండు కాడ బెల్లం కొట్టాయన కూతురా? నోరు మెదపకుండా తూకమేసిచ్చేదే, ఆ పిల్లవా? నీకు మాటలొచ్చునా?"

"వచ్చునమ్మా."

"మరి కొట్లో దాచిపెట్టింటివా ఇన్నాళ్ళూ? సరే చెప్పు."

రత్నమ్మ సంగతంతా చెప్పాను. ఆమెను ఫోన్లో పలకరించమని అడిగాను. ఆమె మాట కరుకుగా వచ్చింది.

"ఫోన్లో మాట్లాడిచ్చేదా? కొత్తిమిర కట్ట ఎంత అని అడిగినట్ల, మీ మొగుడు పోయినాడంట కదా అని అడగమంటావా? నా తమ్ముడమ్మా వాడు. పోలేకపోయినానని నేను సచ్చిపోతాండా. ఇంగ ఫోన్లో కూడా ఏడ్చి మర్యాద పోగొట్టుకోవాల్నా?"

ప్రశ్నల కాగితం పక్కకు తోసి, ఫోన్ చెవికి ఆనించుకున్నాను.

"నా పెండ్లి అయినప్పుడు నా ట్రంకు పెట్టె తలమీద పెట్టుకోని బస్సుదాకా వచ్చినాడు. వాని మెడ ఇంత కూడా లేదు అప్పుడు. దించరా, నేను పట్టుకుంటా అంటే దించలేదు." ఆమె గొంతు సన్నగా అయింది. "నన్ను మాత్రం ఎవురు మాట్లాడిచ్చినారు? ఈ వీధిలో అందరూ తలుపులేసుకోని ఉండారు. అక్క నేను. నేను యాడ పోయి ఏడ్చేది?"

ఆమె ఏడ్చింది. పావుగంట ఎప్పుడో దాటిపోయింది. మేడం వచ్చి నా వెనక నిలబడి, గడియారం చూసి, మెల్లగా వెళ్ళిపోయింది.

చాలాసేపటికి లక్ష్మీదేవమ్మ ముక్కు తుడుచుకుని ఒక మాట అంది. దానికే నేను చిక్కుపడ్డాను.

"నేను పోతే రత్న నన్ను పట్టుకోని ఏడుస్తాది. ఫోన్లో ఎట్ల పట్టుకుంటాదే?"

రెండు రోజులు ఆ ప్రశ్నే ఆలోచించాను. చివరికి గాయత్రినే అడిగాను, ఫోన్ స్పీకర్లో పెట్టి, నువ్వు మీ అత్తను గట్టిగా పట్టుకోగలవా అని. "పట్టుకుంటా అక్కా. మామ పోయినప్పటి నుంచి మేమిద్దరం ఒకర్నొకరు తాకిండేదే లేదు" అంది.

మేడం ఒప్పుకుంది గానీ షరతులు పెట్టింది. పగటిపూటే జరగాలి, రత్నమ్మ ఏదైనా కొంచెం తిని ఉండాలి, ఆశా కార్యకర్త అరుగుమీద కూర్చుని ఉండాలి, నేను లైన్లో ఉండాలి కానీ నోరు తెరవకూడదు. చివరి షరతు నాకు కష్టం కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ పొద్దు కాల్ కలిపేముందు లక్ష్మీదేవమ్మ నాతో అంది. "నీళ్ళు కాగబెట్టి పెట్టుకోనుండా. మాట్లాడిచ్చి వచ్చినాక తలకు పోసుకోవాల కదా. మా గడపకాడ నిలబడుండా, కుర్చీలో కూచోని ఎట్ల పలకరించేది. కలుపు."

కలిపాను. రత్నమ్మ "ఎవురు?" అనగానే అటునుంచి ఏడుపు మొదలైంది. పలకరింపుకు వచ్చిన ఆడబిడ్డ వీధి మలుపులోనే ఎత్తుకునే ఏడుపు అది. తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ, ట్రంకు పెట్టె మోసిన మెడను తలుచుకుంటూ ఏడ్చింది.

రత్నమ్మ భయపడినట్టు అడిగింది. "వదినా, నువ్వేమిటికి ఏడుస్తాండావు?"

"నా తమ్ముడు పోయినాడు రత్నా."

"నీకెవురు చెప్పిరి?"

"ఎవురూ చెప్పల్యా. వాడు పోయినాడు కాబట్టే నేనొచ్చినా. బస్సుల్లేవు, నన్నెవురూ రానీలేదు. ఇదే నేను వచ్చినట్ల అనుకో. నేనొచ్చినా రత్నా, మీ ఇంటికి నేనొచ్చినా."

గాజుల చప్పుడు వినిపించింది, గాయత్రి ఆమెను పట్టుకుని ఉంటుంది. మేడం షరతు మీరి ఏదైనా అందామనిపించింది, అనలేదు.

రత్నమ్మ నోరు తెరిచింది. ఏడుపు కాదు, చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే లేచి తోటకు పోయినాడు వదినా. ఆకు కోసుకోనొచ్చి మోపు దించినాడు. కాళ్ళు బరువుగా ఉండాయి రత్నా అన్యాడు. కాఫీ ఇస్తే సగం తాగి పెట్టేసినాడు. వాసన తెలీడంల్యా అన్యాడు..."

అలా అంబులెన్సు దాకా వచ్చింది. లోపల కూర్చుంటూ ఆయన వెనక్కి తిరిగి చెప్పిన మాట దాకా వచ్చింది. "ఆకు తడి ల్యాకుండా ఏయండి అని చెప్పినాడు వదినా. నన్ను చూసి ఏమీ చెప్పల్యా. ఆకు గురించి చెప్పి పోయినాడు." అప్పుడు వచ్చింది ఏడుపు. ఇద్దరూ ఏడ్చారు. వాళ్ళకు వినిపించకుండా నేను కూడా.

ఎంతసేపటికో లక్ష్మీదేవమ్మ వైపు లైను కట్టయింది. ఏమీ చెప్పకుండానే పెట్టేసింది.

వరసగా వచ్చినవాళ్ళు

ఆమె తర్వాత ఎవరెవరు ఎప్పుడు చేయాలో గాయత్రీ నేనూ ఫోన్లోనే అనుకున్నాం. పుట్టింటివాళ్ళు, తోడికోడలు, మంచేనహళ్ళిలో ఉన్న పినతల్లి కూతురు. ఎదురింటి ఆమె ఫోన్ చేయడమెందుకని తన గడపలో నిలబడి, వీధి అవతలినుంచే ఏడ్చి లోపలికి వెళ్ళింది. ప్రతి ఒక్కరికీ రత్నమ్మ కథ మొదటినుంచి చెప్పింది. ఆకు మోపు, సగం కాఫీ, తడి లేని ఆకు.

అన్నీ సజావుగా జరిగాయని అనుకోకండి. ఒక బంధువు ఏడవడం మాని ఏ కషాయం తాగాలో పావుగంట చెప్పాడు. ఇంకొకాయన మధ్యలో తన పాత ఆస్తి తగాదా ఎత్తుకున్నాడు. "ఈ ఫోన్ సార్జింగు నిలవడంల్యా అక్కా, మీరేమన్నా సర్కారు నుంచి సార్జరు ఇప్పిస్తారా?" అని గాయత్రి విసుక్కుంది. ఆ విసుగులో ప్రాణం ఉంది, నాకు సంతోషమే అయింది.

ఇంకో ఇంట్లో ఇదే పద్ధతి పెట్టబోతే పనిచేయలేదు. ఆ ఇంటికి మొదట ఎవరు రావాలో నేను అడగలేదు. అడగకుండా చేస్తే ఇది మంచి చేయదు, గొడవలు పెడుతుంది. దీన్ని ఒక పద్ధతిగా నేర్చుకోకండి. ఆ ఇంటివాళ్ళు ఎవరికోసం ఎదురుచూస్తున్నారో కనుక్కోవడం నేర్చుకోండి.

మాత్రల సంగతి వెంటనే తేలలేదు. భర్త పోయాడని ఒప్పుకున్నాక ఆమె ఇంకా కుంగింది. ఇంక ఎందుకు మింగేదని గాయత్రితో అన్నదట. ఆ మాట విని నేను భయపడ్డాను, మేము చేసింది తప్పేమోనని మేడంతో అన్నాను. మేడం నన్ను ఓదార్చలేదు. "ఇప్పుడు ఆమె దుఃఖంలో ఉంది. ముందు అది కూడా లేదు. ఇది మనకు తెలిసిన దారి, పద" అంది. ఆశా కార్యకర్త రోజూ పోయింది. మేడం సైకియాట్రిస్టుతో మాట్లాడి మందు రాయించింది. నేను రోజూ ఫోన్ చేసి తింటివా అని మాత్రమే అడిగాను. ఒక్కోరోజు తిన్నానంది, ఒక్కోరోజు ఏమీ అనలేదు.

బట్లహళ్ళి బస్సు

బస్సులు మామూలుగా తిరిగే కాలానికి మా కేంద్రం మూతబడే మాట వినిపిస్తోంది. ఒక ఆదివారం చింతామణిలో బస్సు మారి ఆ ఊరికి పోయాను. ఉద్యోగంలో ఎవరి ముఖమూ చూడలేదు, ఒక్క ముఖమైనా చూడాలనిపించింది. దిగాక వెనక్కి తిరిగి పోదామా అని రెండుసార్లు అనుకున్నాను కూడా.

రత్నమ్మ నేను ఊహించినదానికన్నా పొట్టి. అరుగుమీద కూర్చుని ఆకు తరుగుతోంది. కాలికి కట్టు లేదు. నేను ఎవరో చెప్పగానే కత్తి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుని, లోపలికి తీసుకుపోయి చాపమీద కూర్చోబెట్టింది. ఇంటికి వచ్చిన కొత్త మనిషికి చెప్పాలి కాబట్టి మొదటినుంచి చెప్పింది. నాకు ఆ కథ నోటికి వచ్చు. అయినా ఈసారి ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. సగం కాఫీ దగ్గర అది బిగుసుకోవడం తెలిసింది.

ఆకు మాటతో కథ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

"ఆమీద ఆయప్ప పోయినాడు" అంది. "నేనుండా."

గాయత్రి వంటింట్లోనుంచి భోజనానికి పిలిచింది. రత్నమ్మ లేచి మాత్రల అట్ట తీసుకుంది. మసక చూపుకు కళ్ళు చికిలించి, బొటనవేలితో తడిమి ఒక మాత్ర చించింది. దాన్ని తన అరచేతిలోనే కాసేపు పెట్టుకుని చూసి, నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. గాయత్రీ నేనూ ఒకరినొకరం చూసుకోలేదు. చూసుకుంటే ఏడ్చేవాళ్ళం.

తను మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇంతమందికి ఫోన్లు చేస్తివి. మీ ఇంట్లో ఎవురికీ ఏమీ కాలేదా తల్లీ?"

"మా అవ్వ పోయిందమ్మా" అన్నాను. "లాక్‌డౌన్లో. నేను అప్పుడు రోగం తగిలి హాస్టలు గదిలో ఉన్నాను. పోలేకపోయినాను."

"ఎవురన్నా మాట్లాడిచ్చిరా నిన్ను?"

లేదన్నట్టు తలూపాను. గది తలుపు తెరిచిన మరుసటి రోజే పనిలో చేరాను. నా పక్క కుర్చీలోవాళ్ళకు కూడా చెప్పలేదు.

రత్నమ్మ చాపమీద ఇంకొంచెం దగ్గరికి జరిగింది. అన్నం చల్లారిపోతుందని గాయత్రి అంటే, చల్లారనీలే అంది. నా రెండో చెయ్యి కూడా తీసుకుంది.

"మొదటినుంచి చెప్పు తల్లీ. ఆ పొద్దు మీ అవ్వ లేచి ఏం చేసింది?"

"పొద్దున్నే లేచి కొట్టుముందర నీళ్ళు చల్లిందంట" అన్నాను.

"ఊఁ" అంది రత్నమ్మ. "ఆమీద?"